అన్యాక్రాంతమైన శ్రమ

1844వ సంవత్సరపు వేసవిలో పారిస్ నగరమున ఇరువదియారేండ్ల జర్మను యువకుడొకడు తెల్లకాగితముల కట్ట నొకదానిని ముందిడుకొని, పుటలను నిలువుగా గడులుగా విభజించి గీతలు గీసెను. ఒక గడికి 'కూలి' యనియు, వేరొకదానికి 'లాభము' అనియు, మూడవదానికి 'భూమి కౌలు' అనియు పేరు పెట్టెను. ఆ కాలపు అర్థశాస్త్రజ్ఞులు ఏ విషయమును గూర్చి యేమి చెప్పిరో దానిని ఆయా గడిలో ఎక్కించుచు, నడుమ నడుమ తన యాక్షేపణలను జేర్చుచు పోయెను. ఇరువదిరెండవ పుట చేరునప్పటికి శీర్షికలు పైననే యున్నవి గాని గీతల హద్దులను పాటించుట అతడు మానివేసెను. మూడు గడుల మీదుగను అడ్డముగ వ్రాయసాగెను.

ఆ యువకుడు కార్ల్ మార్క్సు. ఆ పుటలలో అతడు వ్రాసినది అతడు జీవించియుండగా అచ్చు కాలేదు. 1883లో అతడు మరణించిన పిమ్మట మరి నలువదితొమ్మిదేండ్లు గడచినగాని, అనగా 1932వరకు, అవి పూర్తిగా వెలుగు చూడలేదు. ఈ నడుమ అతని పేర పక్షములు వెలసెను, సమ్మెలు నడచెను, ఒక మహాసామ్రాజ్యము కూలి దాని స్థానమున కార్మికరాజ్య మనబడునది యేర్పడెను. ఇవి యన్నియు జరిగిన తరువాతనే, అతడు మొట్టమొదట కార్మికుని గూర్చి యేమి తలపోసెనో లోకమునకు తెలియవచ్చినది.

సామ్యవాదమనగా ధనికుని సొమ్ము లాగి పేదలకు పంచిపెట్టుట యని మనలో చదువుకొన్నవారు సైతము తలచుచుందురు. దానిని మెచ్చువారును అట్లే తలతురు, నిందించువారును అట్లే తలతురు. ఈ పుటలు చదివినవారికి ఆ తలపు నిలువదు. అందుచేత వాని చరిత్రము కొంచెము వివరముగ చెప్పబూనితిని.

ఆ మూడు గడులు ఎక్కడివి? అవి నాటి శాస్త్రమునందలి మూడు వర్గములు. శ్రమ గలవాడు కూలి పొందును, పెట్టుబడి గలవాడు లాభము పొందును, భూమి గలవాడు కౌలు పొందును. ఈ పంపకమును సూర్యచంద్రుల గమనమువలె సహజమని ఆ శాస్త్రము భావించినది. స్కాట్లండు దేశస్థుడగు ఆడమ్ స్మిత్తు 1776లో ప్రకటించిన గ్రంథమున గుండుసూదుల కార్ఖానా నొకదానిని వర్ణించెను. ఒకడు తీగె లాగును. వేరొకడు దానిని చక్కజేయును. మూడవవాడు తునుకలు కోయును. నాలుగవవాడు మొన దీర్చును. ఇట్లు పదునెనిమిది పనులుగ చీలిన యుద్యోగమును పదిమంది కలిసి చేసినచో దినమునకు 48,000 సూదులు తయారగునట. ఒక్కడే యన్ని పనులు చేసికొన్నచో ఇరువది సూదులైన కాకపోవచ్చునట. ఈ లెక్క లోకమునకు కన్నులు మిరుమిట్లు గొలిపినది. బడిపిల్లలకు నేటికిని దీనిని చెప్పుచున్నారు.

కాని అదే గ్రంథమున, వందల పుటల తరువాత, అదే స్మిత్తు వేరొక మాట చెప్పియున్నాడు. జీవితమంతయు ఒకటి రెండు చిన్న పనులలో గడపు మనుష్యునికి బుద్ధి నుపయోగించు అవసరమే తటస్థింపదనియు, కాలక్రమమున అతడు మానవుడెంత మూఢుడు కాగలడో అంత మూఢుడగుననియు, దీనిని మాన్పుటకు ప్రభుత్వము చదువు చెప్పింపవలెననియు అతని యభిప్రాయము. సూదుల లెక్కను జ్ఞాపకముంచుకొన్నవారు ఈ మాటను జ్ఞాపకముంచుకొనలేదు. 48,000 సూదులు ఒక పుటలోను, వానిని చేసిన మనుష్యుడు మరియొక సంపుటములోను ఉండిపోయిరి. ఈ రెండింటిని ఒకచోట జేర్చి చూచుటయే మార్క్సు గడులు దాటి వ్రాసిన పుటల పని యని నేననుకొందును.

అతడు వాడిన జర్మను మాటలు రెండు. ఒకటి, తనదానిని పరుల పరము చేయుట. ఇది ఆస్తివ్యవహారములకును చెల్లు మాట. రెండవది, అయినది కానిదగుట, తనవారే పరాయివారగుట. మొదటిదానికి మన దస్తావేజుల భాషలో చక్కని మాట యొకటి కలదు. పొలమును దాన వినిమయ విక్రయములచే ఇతరులపరము చేసినప్పుడు అది అన్యాక్రాంతమైనదందుము. నేటి రచయితలు 'పరాయీకరణ' మనుచున్నారు. అది రెండవ మాటకు దగ్గర. నాకు పాతమాటయే యెక్కువ యుచితముగ దోచుచున్నది. పొలము అన్యాక్రాంతమగుటకు ఒక్కసారి వ్రేలిముద్ర వేసిన చాలును. శ్రమ విషయమున ఆ వ్రేలిముద్ర ప్రతిదినము ఉదయమున మరల వేయవలసియున్నది.

అన్యాక్రాంతమగునది యేది? మొదట చేసిన వస్తువు. నేసిన గుడ్డ నేసినవానిది కాదు. ఇంతమాత్రము అందరికిని తెలిసినదే. మార్క్సు ఇంకొక యడుగు ముందుకు వేసెను. ఆ వస్తువు చేసినవానికి దూరమగుటయే కాక వానికి ఎదురు నిలుచును. అతడు ఎంత యెక్కువ ఉత్పత్తి చేసిన, అతనిని శాసించు పెట్టుబడి అంత పెరుగును. మూడేండ్ల క్రిందట, 1841లో, ఫోయర్ బాక్ అను తత్త్వవేత్త, మానవుడు తనలోని ఉత్తమగుణములను తననుండి వేరుచేసి దేవునియందు నిలిపి, తాను దీనుడై దానికి మ్రొక్కుచున్నాడని వ్రాసియుండెను. మతమును గూర్చిన ఆ వాదము సరియో కాదో చదువరుల కెవరి యభిప్రాయము వారికుండును. మార్క్సు దాని యాకారమును మాత్రము గ్రహించి కార్ఖానాకు అన్వయించెను. ఆకాశమునకు ఎత్తిన కన్నులను క్రిందికి దించి, చేతులవైపు త్రిప్పెను.

రెండవది పని. ఇదియే ఆ వ్రాతకు ప్రాణము. వస్తువు చేజారుటకు ముందే, చేయుచున్న క్షణముననే, పని చేజారియున్నది. అది తనకై తాను చేయునది కాదు, ఆకలి తీర్చుకొనుటకు సాధనము. కనుక పని లేనప్పుడే కార్మికుడు తన యింట నున్నట్లుండును. పనిలో నున్నప్పుడు ఎక్కడనో యున్నట్లుండును. నిర్బంధము తొలగిన మరుక్షణమున పనిని మహమ్మారిని విడిచినట్లు విడిచి పారిపోవును. దీనివలన వింతయైన తారుమారు ఏర్పడును. తినుట, త్రాగుట, నిద్రించుట, అనగా పశువులకును గల వ్యాపారములలోనే మనుష్యుడు తాను స్వతంత్రుడనని తలచును. సృజించుట యను మానవవ్యాపారములో పశువునని తలచును. దినమంతయు గుమాస్తాగిరి చేసి ఇల్లు చేరిన మధ్యతరగతివారు ఇది కార్ఖానా కూలివాని మాట మాత్రమే యని తలపకుందురుగాక. తక్కిన రెండును వీనినుండియే పుట్టును. మనుష్యజాతికి విశిష్టమైన స్వేచ్ఛాసృష్టి బ్రతుకుతెరువు స్థాయికి దిగజారును. మనుష్యుడు తోడి మనుష్యునికి పరాయివాడగును.

ఈ మాటలు యంత్రముల మీది కోపముచే వ్రాసినవని కొందరందురు. అది పొరపాటు. అతడు వ్రాయుచున్న ఆ నెలలలోనే, 1844 జూనులో, ప్రష్యా రాజ్యమునకు లోనైన సైలీషియాలో నేతగాండ్రు తిరుగబడిరి. ఆ గ్రామములు నేడు పోలండులో నున్నవి. అక్కడ ఆవిరియంత్రపు మగ్గములు కారణము కావు. ఆ నేతగాండ్రు తమ యిండ్లలో తమ చేతిమగ్గములమీద నేయువారు. వర్తకుడు నూలిచ్చును, గుడ్డ తీసికొనును, కూలి కట్టును. కూలి తగ్గుచు తగ్గుచు భార్యాబిడ్డలతో రేయింబవళ్లు నేసినను గంజికి చాలని స్థితి వచ్చెను. ఒక వర్తకుని మీద పాట కట్టి అతని మేడ ముందే పాడిరి. పాడినవారిలో నొకనిని పట్టి బంధించుటతో కలత మొదలైనది. జూను 4వ తేదీన పీటర్స్ వాల్డౌ గ్రామమున ఆ వర్తకుని మేడను ధ్వంసము చేసిరి. మరునాడు లాంగెన్ బీలౌలో సైనికులు కాల్పులు జరుపగా పదునొకండుగురు చనిపోయిరి.

ఈ యుద్రేకమును గూర్చి జర్మను రచయిత యొకడు పత్రికలో వ్రాయగా, మార్క్సు ఆగస్టు నెలలో పారిస్ నగరమున వెలువడుచుండిన ఒక జర్మను పత్రికలో బదులు వ్రాసెను. అందు అతడు ముఖ్యముగ గమనించినది ఒకటి కలదు: నేతగాండ్రు వస్తువులను మాత్రమే కాక వర్తకుల లెక్కపుస్తకములను చించివేసిరి. ఇంగ్లండులో 1811 మొదలు కొన్నియేండ్లపాటు కార్మికులు యంత్రములను పగులగొట్టిరి. పార్లమెంటు 1812లో దానికి మరణశిక్ష విధించినది. యంత్రము కంటికి కనబడు శత్రువు. సైలీషియా నేతగాండ్రకు కనబడు శత్రువు లేదు. మగ్గము వారిది, ఇల్లు వారిది, చేతులు వారివి. పరాయిది ఎక్కడనున్నదో వెదకగా వారికి లెక్కపుస్తకములో దొరకినది.

పనిముట్టు తనదైనను పని తనది కాకపోవచ్చుననుటకు మన తీరమునకంటె దూరము పోనక్కరలేదు. నర్సాపురము చెంతనున్న మాధవాయిపాలెమున ఈస్టిండియా కంపెనీవారు బట్టల వర్తకస్థానము నెలకొల్పిరి. అక్కడి నేతగాండ్రు బయానా తీసికొని తమ మగ్గములమీదనే నేసి యిచ్చుచుండిరి. బయానా తీసికొన్నవాడు ఇతరులకు నేయరాదను కట్టుబాటు కంపెనీ యధికారము హెచ్చినకొలది బిగిసినది. ఆంగ్లేయుల నోట ఆ గ్రామనామము మాదపొల్లమైనది. ఆ పేరే ఒక జాతి నూలుబట్టకు స్థిరపడి దేశదేశములకు వ్యాపించినది. తరువాత ఇంగ్లండు మిల్లులలో నేసిన బట్టకును అదే పేరు పెట్టి అమ్మిరి. గుడ్డ పోయినది, పిదప గుడ్డ పేరును పోయినది.

ఇక కూలి హెచ్చించిన చాలునా యను ప్రశ్న. ఫ్రాన్సు దేశపు సంస్కర్త ప్రూధాను అందరికి సమానమైన వేతనము కావలెనని కోరెను. మార్క్సు ఆ పుటలలోనే దీనికి జవాబిచ్చెను. కూలి హెచ్చించుట బానిసకు మెరుగైన జీతమిచ్చుటయే గాని కార్మికునికిగాని శ్రమకుగాని మానవోచితమైన గౌరవమిచ్చుట కాదని అతని వాదము. ఈ మాటను పట్టుకొని, కూలి కొరకు పోరాడుట తేలిక పని యని మాటలాడు పండితులు కొందరు బయలుదేరిరి. నాకు వారియందు గౌరవము లేదు. ఆకలితో నున్నవానికి అరణా విలువ యెంతయో వారికి తెలియదు. మార్క్సునకు తెలియును, 1847లో ఇంగ్లండులో స్త్రీలకును బాలురకును పదిగంటల పని శాసనము వచ్చినప్పుడు దానిని గొప్ప విజయముగ అతడు తరువాతి కాలమున కొనియాడెను.

ఐనను అతడు చెప్పినదానికి నిదర్శనము అమెరికాలో, అతని పేరు గిట్టనివారి చేతనే, ఏర్పడినది. హెన్రీ ఫోర్డు 1913లో తన మోటారు కార్ఖానాలో కదలుచుండు వరుసను ప్రవేశపెట్టెను. మనుష్యుడు నిలిచినచోటనే యుండును, పని అతని ముందునకు కదలి వచ్చును, ఒక్క మర బిగించి విడుచును. పండ్రెండు గంటలకు పైబడి పట్టుచుండిన బండి కూర్పు గంటన్నరకు దిగినది. కాని మనుష్యులు నిలువలేదు. ఆ సంవత్సరము అక్కడ పనివారి మార్పు నూటికి 370 వంతులని లెక్క తేలినది. అనగా ఒక్కొక్క స్థానమునకు ఏడాదిలో మూడు నాలుగు మారులు క్రొత్తవానిని వెదకవలసివచ్చెను. అప్పుడు, 1914 జనవరిలో, దినమునకు ఐదు డాలర్లు ఇత్తునని ఫోర్డు ప్రకటించెను. అది వెనుకటిదానికి ఇంచుమించు రెట్టింపు. పనిగంటలు తొమ్మిదినుండి ఎనిమిదికి తగ్గెను. జనము ద్వారముకడ విరగబడిరి. కాని ఆ యైదు డాలర్లు అందరికిని రాలేదు. కంపెనీ పరీక్షకులు కార్మికుల యిండ్లకు పోయి, ఇల్లు శుభ్రముగనున్నదా, మగడు త్రాగునా, సొమ్ము కూడబెట్టునా యని విచారించి, యోగ్యులని తేలినవారికే పూర్తి మొత్తము నిచ్చిరి. పనిలోని విసుగునకు వెల కట్టిరి. వెల పుచ్చుకొన్నవాని వంటయిల్లు కూడ లెక్కలోనికి వచ్చినది.

వంటయింటి ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట చెప్పి ముందుకు సాగెదను. మార్క్సు చేవ్రాత ఇతరులకు కొరుకుడు పడునది కాదు. అచ్చునకు పంపవలసినదానిని భార్యయైన జెన్నీ శుద్ధప్రతి వ్రాసి యిచ్చుచుండెను. 1844 వేసవిలో ఆమె నెలల బిడ్డను తీసికొని పుట్టింటికి పోయియుండెను. అతడు ఒంటరిగ నుండి వ్రాసికొన్నాడు. మరుసటి సంవత్సరము ఆమె తల్లి హెలెనా డెమూత్ అను పనికత్తెను వారి యింటికి పంపినది. నాటినుండి మార్క్సు మరణించువరకు ఆ యింటి కష్టసుఖములన్నియు ఆమె చేతులమీదుగనే జరిగినవి. 1890లో ఆమె మరణించినప్పుడు లండనులో వారి సమాధిలోనే ఆమెను ఉంచిరి. శ్రమ యన్యాక్రాంతమగుటను గూర్చిన ఆ పుటలలో ఈ శ్రమకు తావు లేదు. అది అమ్ముడుపోవునది కాదు, కూలి, లాభము, కౌలు అను గడులలో దేనిలోను పట్టదు. గడులు చెరిపి వ్రాసినచోటను కనబడదు. ఇంటిపని సంఘముయొక్క పనిగ నుండుట మాని భర్తకు చేయు సొంత యూడిగముగ మారినదని ఎంగెల్సు 1884లో వ్రాసెను. దానికి నలువదేండ్లు పట్టినది.

మార్క్సు 1845 ఆరంభమున ఫ్రాన్సునుండి వెడలగొట్టబడెను. పుటలు అతనితోపాటు బ్రసెల్సునకును, తుదకు లండనునకును తిరిగెను. 1867లో ప్రకటించిన 'పెట్టుబడి' గ్రంథమున ఈ తలపులు వేరొక వేషమున కనబడును: చేతిపనిలో మనుష్యుడు పనిముట్టును వాడుకొనును, కార్ఖానాలో యంత్రము మనుష్యుని వాడుకొనును అని అందొకచోట కలదు. కాని ఆ గ్రంథము చదివినవారిలో పెక్కుమంది దోపిడీ లెక్కను పట్టుకొనిరి. ఎంతసేపు కూలికి, ఎంతసేపు లాభమునకు అను లెక్క సుబోధము, సభలలో చెప్పుటకు అనువైనది. పని మనుష్యునికి ఏమగుచున్నదను ప్రశ్న వెనుకబడినది.

దాని ఫలితము రష్యాలో చూడవచ్చును. పనివాని ప్రతి కదలికను గడియారముతో కొలుచు టేలరు పద్ధతిని, మనుష్యుని యంత్రమునకు దాసుని చేయునదని లెనిన్ 1914లో ఖండించెను. 1918 ఏప్రిలులో, రాజ్యము చేతికి వచ్చిన తరువాత, అదే పద్ధతిని నేర్చి ప్రయోగించి చూడవలెనని అతడే వ్రాసెను. దేశము శిథిలమైయున్నది, జనము ఆకలితో నున్నది. అతని యిక్కట్టును కాదనలేము. కార్ఖానా ఇక కార్మికులదే కదా, ఇంక అన్యాక్రాంతమగుట యెక్కడిది అని అతని యనుచరులు సమాధానపడిరి.

ఇట్టి సమాధానమునకు మార్క్సు పుటలే అడ్డువచ్చును. స్వంత ఆస్తి కారణము కాదు, అన్యాక్రాంతమైన శ్రమకు అది ఫలితము, పిమ్మటనే రెండును పరస్పరము పోషించుకొనునని అతడు మొదటి వ్రాతప్రతిలో వ్రాసెను. మూడవ వ్రాతప్రతిలో మోటు సమష్టివాదమును గూర్చి వర్ణించుచు, అందు అందరును కార్మికులేయగుదురనియు, అందరికి సమానముగ కూలి కట్టు ఏకైక ధనికుడుగ సంఘమే నిలుచుననియు చెప్పెను. యజమాని పేరు మారిన మాత్రమున పని మనుష్యునికి దక్కదని దీని తాత్పర్యము.

ఈ పుటలను వెలికి తీయుటకు పాటుపడినవాడు డేవిడ్ రియజానోవ్ అను పండితుడు. 1921లో మాస్కోలో మార్క్సు, ఎంగెల్సుల పేర విద్యాసంస్థ స్థాపించి, వారి వ్రాతప్రతుల ఛాయాప్రతులను దేశదేశములనుండి తెప్పించెను. 1927లో కొంతభాగము రష్యను భాషలో ప్రకటితమైనది. 1931 ఫిబ్రవరిలో అతనిని పదవినుండి తొలగించి, బంధించి, సరాటోవ్ పట్టణమునకు వెడలగొట్టిరి. 1932లో పూర్తిపాఠము జర్మనుభాషలో వెలువడినప్పుడు సంపాదకునిగ వేరొకని పేరున్నది. 1938 జనవరిలో రియజానోవును కాల్చి చంపిరి.

ఆ పుటలు అచ్చయిన మూడేండ్లకు, 1935 ఆగస్టులో, స్తఖానొవ్ అను గనికార్మికుడు ఒక్క పూటలో 102 టన్నుల బొగ్గు త్రవ్వెనని, అది విధించిన పనికి పదునాలుగింతలని, ఆ దేశమున డప్పు మ్రోగించిరి. అందరికిని పని కొలతలు హెచ్చెను. 1940 జూనులో వెలువడిన శాసనముచే అనుమతి లేక పని మానుట నేరమైనది. మహమ్మారిని విడిచినట్లు పనిని విడిచి పారిపోవు మనుష్యుని గూర్చి 1844లో వ్రాసిన వాక్యము అక్కడి గ్రంథాలయములలో ఆ వేళకు అచ్చులో నున్నది. అక్కడి కార్మికునికి ఆ పారిపోవు స్వాతంత్ర్యము కూడ లేకపోయినది.

అసలు వ్రాతప్రతులు చాలకాలము బెర్లినులోని జర్మను సామ్యవాద పక్షమువారి భాండాగారమున నుండెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినప్పుడు ఆ కాగితములను దేశము దాటించిరి; తుదకు ఆంస్టర్డాం నగరమున సామాజిక చరిత్ర పరిశోధన సంస్థకు చేరినవి. నేడును అక్కడనే యున్నవి. గడులు దాటి వ్రాసిన మొదటి వ్రాతప్రతి ఇరువదియేడవ పుటలో ముగియును. కార్మికుని సంగతి చెప్పి ముగించి, పని చేయనివాడు, అనగా ఆ శ్రమఫలమును అనుభవించువాడు, అతడు మాత్రము తనకు తాను దక్కియున్నాడా యను విచారణ మార్క్సు అక్కడ మొదలిడెను. మూడు విషయములను సూచించి, వీనిని ఇంకను దగ్గరగ పరిశీలింతమనెను. అంతతో వ్రాత ఆగిపోయినది.